‘మంచిగున్నం’ అనడం మానుకున్న లతీఫ్ చిచ్చా

లతీఫ్ చిచ్చా ఇక లేరన్న మాట నాకు మొదట మోసుకొచ్చింది మా వీధి బాలమణి. ఆనాటి ఉదయం పూజ ముగించుకొని, వాకిట్లో కూర్చొని చేటలో బియ్యం ఏరుతున్నాను. ఆమె గడప దాకా వచ్చి ఆగిపోయింది. "అక్కా, జిల్దు చిచ్చా పోయిండు. తెల్లారంగ దవాఖానలనే పానం పోయిందట" అన్నది. గింజేదో, రాయేదో కంటికి ఆనలేదు. మూడు రోజుల కిందటే చూసి వచ్చిన మనిషి, నాతో నవ్వుతూ మాట్లాడిన మనిషి. పుట్టినవానికి మరణం తప్పదని నిత్యం చదువుకునే దాన్నే అయినా, ఆ క్షణాన ఆ చదువు నాకు అక్కరకు రాలేదు.

బాలమణి ఏడవలేదు. "ఇగ మా ఆయిన సంగతి అడిగెటోళ్ళు ఎవ్వరు లేరు" అని మాత్రం అన్నది. ఆమె భర్త యాదగిరి. నేతపనివాడు. ఆరేళ్ళ కిందట తెల్లవారగానే, అందరూ చూస్తుండగా, మా వీధిలో నుంచి అతన్ని జీపులో ఎక్కించుకొని పోయారు. అతడు తిరిగి రాలేదు. లతీఫ్ చిచ్చా తన చివరి సంవత్సరాలు ఆ ఒక్క విషయానికే ధారపోశారు. ఆయనను తలచుకుంటూ అది రాయకపోతే, ఆయనను తలచుకున్నట్టే కాదు.

సిద్దిపేటలో పుస్తకం చిరిగితే జిల్దు, అంటే అట్టకట్టు, వేయించడానికి లతీఫ్ దగ్గరికి తీసుకుపొమ్మనడం మా పెద్దల కాలం నుంచీ ఉన్న మాటే. పాత బజారులో ఒక చిన్న గది. గోడకానుకొని పుస్తకాలను బిగించే మర, మూలన మైదాపిండి లై ఉడికే గిన్నె, నడుమ చాప. బడిపిల్లల పుస్తకాలు, కచేరీ దస్తరాలు, మసీదు గ్రంథాలు, మా పారాయణ గ్రంథాలు, అన్నీ ఆ చాప మీదే పక్కపక్కన ఆరేవి. ఆయన ఉర్దూ చదివినవారు. తెలుగు మాత్రం తన చేతికి వచ్చిన చిరుగు పుస్తకాల నుంచే నేర్చుకున్నానని చెప్పేవారు.

నేను మొదటిసారి వారి దుకాణం మెట్టెక్కింది మా అత్తగారి పారాయణ పుస్తకం పట్టుకొని. ఆమె పోయిన తరువాత అది నాకు దక్కింది. విప్పితే చాలు ఆకులు రాలినట్టు పేజీలు రాలేవి. చిచ్చా దాన్ని వెంటనే అందుకోలేదు. లేచి చేతులు కడుక్కొని వచ్చి, రుమాలుతో తుడుచుకొని, అప్పుడు పట్టుకున్నారు. పేజీల అంచులన్నీ పసుపు కుంకుమలతో ఎర్రబారి ఉన్నాయి. జిల్దు కట్టినప్పుడు అంచులు సమంగా కోయడం ఆ పనిలో రివాజు. నేను సిగ్గుపడి, "మురికి పోయేటట్టు కోయుండ్రి చిచ్చా" అన్నాను. ఆయన నా వంక వింతగా చూశారు. "మురికేంది బిడ్డా? ఇవి మీ అత్త ఏలి ముద్రలు. దినాం గీడ పట్టి తిప్పింది. కోస్తే పుస్తకం మంచిగ కనపడ్తది గని ఆమె పోతది" అన్నారు. ఆ పుస్తకం నేటికీ ఎగుడుదిగుడు అంచులతోనే నా పూజామందిరంలో ఉంది.

నేను బడికి పోయినదాన్ని కాను. మా బాపు ఇంట్లోనే పలకా బలపం పెట్టి అక్షరాలు దిద్దించారు. ఆయన పెట్టిన భిక్షకు రెండో చెయ్యి వేసినవారు చిచ్చా. నేను ఇంట్లో ఖాళీగా ఉంటానని తెలిసి, మడిచిన కాగితాల దొంతరలను దారంతో కుట్టే పని నాకు ఇచ్చారు. ఎవరి పుస్తకమైనా సరే, కుట్టేలోపు చదువుకోవచ్చునన్నది మా ఇద్దరి ఒప్పందం. "కుట్టుకుంట చదువకు, సూది గుచ్చుకుంటది. చదివినంక కుట్టు" అనేవారు. అట్లా ఎవరెవరి పుస్తకాలో నా ఒళ్ళోంచి పోయాయి. ఆ ఋణం మాటలతో తీరేది కాదు. అందుకు నన్ను ఆ వీధికి కోడలిగా పంపిన పరమాత్మకు రోజూ చేతులెత్తి మొక్కుతాను.

కుట్టే దారం యాదగిరి ఇచ్చేవాడు. మగ్గం మీద మిగిలిన పోగులను పేని, ఉండలు చుట్టి దుకాణంలో వేసిపోయేవాడు. మాటకారి. "చిచ్చా, నా దారం లేకపోతే నీ చదువులన్ని గాలికి ఎగిరిపోతయ్" అని ఎగతాళి చేసేవాడు. "అందుకే గదరా నిన్ను బతకనిస్తున్న" అని చిచ్చా బదులిచ్చేవారు.

ఇక ఆ నవల సంగతి. కళాశాలలో ఉర్దూ చెప్పే పంతులుగారొకరు ఒక పాత పుస్తకం జిల్దు కోసం ఇచ్చి, బదిలీ అయి వెళ్ళిపోయి, మళ్ళీ రాలేదు. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. అందుకే దాని పేరుగాని రాసినవారి పేరుగాని మాకెవరికీ తెలియదు. ఏదో దూరదేశపు నవలకు ఉర్దూ అనువాదమట. ఎన్నో దేశాలలో తరతరాలుగా చదువుతున్న గొప్ప గ్రంథమని మాత్రం పంతులుగారు చెప్పి వెళ్ళారట. చిచ్చా దాన్ని రెండుసార్లు చదివి, మధ్యాహ్నాలు దుకాణంలో లై కలుపుతూ మాకు తెలుగులో కథగా చెప్పారు. వినేవాళ్ళం నేను, యాదగిరి, పక్క దుకాణం దర్జీ రాజమల్లు.

ఆ కథలో ఒక నగరం. అక్కడి పాలకులు ఎవరినీ కొట్టరు. ఒకే ఒక్క శాసనం చేస్తారు: ఎవరు కుశలమడిగినా ‘కుశలమే’ అని బదులు చెప్పాలి. వీధికొక అధికారి. పొద్దున్నే ప్రతి ఇంటి ముందూ నిలబడి, ఎంతో మర్యాదగా, బాగున్నారా అని అడిగి రాసుకొని పోతాడు. చిచ్చా అతనికి ‘ఖైరియత్ దారోగా’ అని పేరు పెట్టారు. క్షేమసమాచారాల ఇనస్పెక్టరన్నమాట. మొదట జనం భయానికి ‘కుశలం’ అంటారు. తరువాత అలవాటుగా అంటారు. వాళ్ళ పిల్లలకు ఇంకో జవాబు ఉంటుందనే తెలియదు. రోగులు వైద్యుని దగ్గరికి వస్తారు, బాగున్నామంటారు, వైద్యుడు సంతోషించి పంపించేస్తాడు. శ్మశానం పెరుగుతూ పోతుంది. కాటికాపరి కూడా అంతా కుశలమేనంటాడు. ఆ ఊళ్ళో ఒక మనిషికి పన్ను నొప్పి లేస్తుంది. ఆ నొప్పిని చెప్పుకోవడానికి అతనికి మాట దొరకదు. నవల అంతా ఆ మాట కోసం అతడు వెతుక్కోవడమే.

రాజమల్లు పడీపడీ నవ్వాడు. "పన్ను నొప్పికి గింత లావు పుస్తకమా చిచ్చా! మా కాడైతే పట్టుకారు పట్టి పీకి పడేద్దురు" అన్నాడు.

"పీకుతరు. గని నొస్తుందని నువ్వు చెప్పాలె గదా ముందుగాల" అన్నారు చిచ్చా.

యాదగిరి మాత్రం నవ్వలేదు. "ఆఖరికి ఏమైతడు చిచ్చా గాయిన?" అని అడిగాడు.

"ఏమైతడు? దారోగా అడుగుతడు. నోట్ల రక్తం పెట్టుకొని కుశలమే అంటడు. గంతే కథ."

"గదేం కథ! మంచిగ లేదు" అన్నాడు యాదగిరి. చిచ్చా నవ్వారు. "నువ్వొక్కనివి గా ఊర్ల లేవురా, బతికిపోయినవ్" అన్నారు.

ఆ తరువాత చిచ్చాకు ప్రతిచోటా ఆ నగరమే కనిపించేది. వారి మనవరాలు, ఊళ్ళో కొత్తగా పెట్టిన ఇంగ్లీషు బడికి పోయివచ్చి, ఎట్లున్నవమ్మా అంటే, కళ్ళు మూసుకొని ‘ఫైన్, థాంక్యూ’ అని ఒప్పజెప్పేది. ఒకనాడు ఆ పిల్లకు ఒళ్ళు కాలిపోతున్నది. అయినా ఫైన్ అనే అన్నది. చిచ్చా ఆమె నుదురు మీద చెయ్యి వేసి, "దారోగా బడి దాకొచ్చిండు" అన్నారు. మా వీధి మగవాళ్ళు చాలామంది భివండీలో మరమగ్గాల మీద పనిచేసేవారు. వాళ్ళ ఉత్తరాలు ఇంటింటికీ పోయి చదివిపెట్టేది నేనే. ‘నేను ఇచ్చట క్షేమం, మీరు అచ్చట క్షేమమని తలుస్తాను’ అని మొదలుకాని ఉత్తరం ఒక్కటి లేదు. ఒకామె భర్త ఏడాది పొడుగునా క్షేమమని రాసి, ఆఖరికి ఎముకల గూడై దగ్గుతూ ఇల్లు చేరాడు. నేను ఆ మాట చిచ్చాతో చెప్పి కంట నీరు పెట్టుకుంటే, ఆయన దారం పేనుతూనే, "భయంతోని అన్న మాట భయం పోతే పోతది బిడ్డా. అలవాటుతోని అన్న మాట పోదు" అన్నారు. వారి నోట నేను విన్న మాటలలో నాకు మరువరానిది అదే.

యాదగిరిని తీసుకుపోయింది ఒక ఉదయం. వీధి పొడుగునా పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, సాచి, దువ్వెన పట్టి పోగులు సరిచేస్తున్నాడు. జీపు వచ్చి ఆ పడుగు మీదే ఆగింది. కొందరు ఖాకీ బట్టలలో, కొందరు మామూలు బట్టలలో ఉన్నారు. అడవిలోని అన్నలకు అన్నం పెట్టినాడని ఒకరు, ఇంకెవరికో పోవలసిన పేరు పొరపాటున ఇతనికి తగిలిందని ఒకరు తరువాత చెప్పుకున్నారు. నిజం నాకు తెలియదు. "జర పడుగు చుట్టి వస్త సార్" అని అతడు అడగడం మాత్రం విన్నాను. చుట్టనివ్వలేదు. నేను పూలసజ్జ పట్టుకొని గడపలో నిలబడి చూశాను. రాజమల్లు చూశాడు. చిచ్చా తెల్లవారుజాము ఫజర్ నమాజు ముగించుకొని ఇంటికి వస్తూ వీధి మొదట్లో నిలబడి చూశారు. పదకొండు ఇళ్ళ వాళ్ళమూ చూశాము.

బాలమణి కచేరీల చుట్టూ తిరిగింది. అట్లాంటి మనిషిని మేము తేలేదన్నారు. చిచ్చా అర్జీ రాసిపెట్టారు, ఒకటి కాదు, ఎన్నో. కొన్ని నెలలకు పైనుంచి ఒక అధికారి విచారణకు వచ్చాడు. తెల్లని బట్టలు, మెత్తని మాట. ఇంటింటి ముందూ కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు. మా ఇంటి ముందుకు వచ్చి, "ఏమమ్మా, అందరు మంచిగున్నరా?" అన్నాడు. ఇంటికి వచ్చిన పెద్దమనిషి కుశలమడిగితే ఏమంటాం? "మంచిగున్నం సార్, దేవుని దయ" అన్నాను. "ఏమన్న తక్లీఫ్ ఉన్నదా?" అన్నాడు. "ఏం లేదు సార్, చాయ తాగుండ్రి" అన్నాను. అసలు ప్రశ్న చాయ తాగినాక వస్తుందనుకున్నాను. మనసులో దైవాన్ని తలచుకొని, చూసింది చూసినట్టు చెప్పాలని గుండె దిటవు చేసుకొనే ఉన్నాను. ఆయన చాయ తాగాడు, నమస్కారం పెట్టి పక్కింటికి పోయాడు. ప్రతి ఇంటా ఇదే. పదకొండు ఇళ్ళూ అసలు ప్రశ్న కోసం ఎదురుచూశాయి. ఎవ్వరికీ అది రాలేదు.

రెండు నెలలకు బాలమణి ఒక కాగితం పట్టుకొని దుకాణానికి వచ్చింది. నేను కుట్టిన దొంతరలు అప్పజెప్పడానికి అక్కడే ఉన్నాను. చదివింది నేనే. ‘విచారణ జరుపగా, వీధివాసులందరూ తాము క్షేమంగా ఉన్నామనియు, తమకెట్టి ఇబ్బందియు లేదనియు తెలిపియున్నారు. కావున ఈ అర్జీ ముగించడమైనది.’

బాలమణికి అర్థం కాలేదు. మళ్ళీ చదవమంది. చదివాను. అప్పుడామె చిచ్చా వైపు తిరిగి, "మీరు సుత మంచిగున్నమన్నరా చిచ్చా?" అని అడిగింది.

"అన్న బిడ్డా" అన్నారు చిచ్చా. లై గిన్నెలో గరిటె అట్లాగే వదిలేశారు. "అల్లా దయ, మంచిగున్నం సాబ్ అన్న. కుర్చీ సుత నేనే ఏసిన." నా వైపు చూసి, "దారోగా వచ్చిపోయిండు. పుస్తకం రెండుమార్లు చదివిన. నేనే గుర్తు పట్టలే" అన్నారు.

ఆ రోజు నుంచి ఆయన ఆ మాట అనడం మానేశారు. అది ఎంత కష్టమో ఒక్కరోజు చేసి చూస్తే తెలుస్తుంది. చాయ హోటల్లో, మసీదులో, పెండ్లి పందిట్లో ఎవరు ఎదురైనా ముందుగా అడిగేది అదే కదా. రాజమల్లు కావాలనే రెచ్చగొట్టేవాడు.

"చిచ్చా, మంచిగున్నవా?"

"ఉన్న."

"మంచిగనా?"

"ఉన్న అంటిగదరా. యాదగిరి లేడు."

"అయ్యో, మనిషి ఎదురైతే మంచిగున్న అనరాదాయె! సచ్చినోని ఇంటికి పోయినట్టుంటది నీతోని మాట్లాడితే."

"సచ్చిండని ఎవ్వలు చెప్పిన్రు నీకు?" అనేవారు చిచ్చా. ఈద్ నాడు అలాయి బలాయి తీసుకునేటప్పుడు కూడా ఆయన జవాబు అదే. పండుగపూటైనా నలుగురిలా అనరాదా అని వారి భార్య, మా చాచీ, కొంగుతో కళ్ళు ఒత్తుకునేది. పిచ్చి పట్టిందన్నారు కొందరు. కొందరు ఆయన్ను చూసి పక్క సందులో నుంచి పోవడం మొదలుపెట్టారు. నేను కూడా, అబద్ధమాడను, ఒకటి రెండుసార్లు ఆ పక్క సందులో నుంచే పోయాను.

మాట మానుకోవడంతోనే ఆయన ఊరుకోలేదు. ఒక కాగితం రాశారు. ‘ఆనాడు మేము మంచిగున్నామన్నది మర్యాద కొరకు చెప్పిన మాట. సాక్ష్యం కాదు. యాదగిరిని తీసుకొనిపోవుట మేము కళ్ళారా చూసినాము.’ కింద పదకొండు ఇళ్ళకు పదకొండు గీతలు. అందరూ చేవ్రాలు చేస్తే విచారణ మళ్ళీ తెరుస్తారని ఒక వకీలు చెప్పాడట. భర్త ఉన్నాడో లేడో తెలియక, గాజులు తీయాలో ఉంచాలో తెలియక బతుకుతున్న బాలమణికి ఆ గీతలే దిక్కు. చిచ్చా ఆ కాగితాన్ని గట్టి అట్టల మధ్య పెట్టి, పుస్తకం మాదిరి జిల్దు కట్టి, చంకన పెట్టుకొని ఇంటింటికీ తిరిగారు. మొదటి గీత మీద ఉర్దూలో ఆయన చేవ్రాలు. తక్కిన పది ఖాళీ. ఎవరినీ తప్పుపట్టలేను. ఒకరికి ఇద్దరు కొడుకులు, ఇంకొకరికి వయసొచ్చిన తమ్ముడు. అందరికీ కళ్ళ ముందు ఆ జీపే.

మా ఇంటికి మూడుసార్లు వచ్చారు. మా వారిది సర్కారు నౌకరీ. మొదటిసారి, వారు ఇంట్లో లేరన్నాను. రెండోసారి, రేపు చేస్తానన్నాను. మూడోసారి తల వంచుకొని నిలబడ్డాను. చిచ్చా అట్టలు మూసి, ఏ కోపమూ లేకుండా అడిగారు: "బిడ్డా, దినాం దేవుని ముందట ఎన్ని పేర్లు చదువుతవ్?"

"వెయ్యి చిచ్చా."

"ఒక్కటి ఎక్కువ చదువు. యాదగిరి అని. దేవునికి కోపం రాదు."

ఆ రోజు నుంచి చదువుతున్నాను. కాని దేవుని ముందు చదివినంత సులువుగా మనుషుల ముందు చదవలేకపోయాను. ఆయన కూడా మళ్ళీ అడగలేదు. అడగకపోవడమే నాకు ఎక్కువ బరువైంది.

ఈ వేసవిలో ఆయనకు కడుపులో పుండు ముదిరింది. దవాఖానలో చూడబోయినప్పుడు డాక్టరమ్మ, ఎట్లున్నది తాతా అని అడుగుతున్నది. ఆ వరుసలోని మంచాల వాళ్ళంతా పర్వాలేదు, మంచిగుంది అంటున్నారు. చిచ్చా మాత్రం వేలు పెట్టి చూపిస్తూ, "గీడ మొదలైతది, గీడికెల్లి వీపు దాక పోతది, తిన్నంక సూదులతోని కుట్టినట్టయితది. నువ్వు కుట్టుపని నేర్చినవా అమ్మా? నేర్వకుంటే నీకు సమజ్ గాదు" అని వివరంగా చెప్పారు. ఆమె నవ్వి, "అందరు నీలెక్క చెప్తే మా పని సులువైతుండె" అన్నది. ఆయన నా వైపు చూసి కన్ను గీటారు. నొప్పిలోనూ గెలిచిన వాని ముఖం అది. నేను బయలుదేరేటప్పుడు, "బాలమణి ఒక్కతే ఉంటది. అప్పుడప్పుడు పోయి కూసో" అన్నారు. ఆ కాగితం మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అదే ఆఖరు చూపు.

జనాజా మా వీధి మీదుగానే పోయింది. తప్పించుకొని తిరిగినవారందరూ ఆనాడు వెంట నడిచారు. రాజమల్లు భుజం మార్చనివ్వలేదు. తిరిగి వచ్చి, దుకాణం మెట్టు మీద కూర్చొని, ఎవరో ఎట్లున్నవని అడిగితే, నోరు తెరిచి, జవాబు చెప్పకుండానే మూసుకున్నాడు. చిచ్చా అల్లుడు ఆ అట్టల కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ‘మామ ఇది మీకే ఇయ్యమన్నడు’ అని మాత్రం చెప్పాడు. విప్పి చూశాను. ఏళ్ళ తరబడి చంకన మోసిన చెమటకు అట్టలు నలుపెక్కాయి. లోపల పది గీతలూ ఖాళీగానే ఉన్నాయి.

ఆయన వంటి పనివాడు ఈ పట్టణానికి మళ్ళీ రాకపోవచ్చు. నాకు చదువు పెట్టిన చెయ్యి మట్టిలో కలిసింది. ఆ లోటు పూడేది కాదు. అయితే కృతజ్ఞతను కన్నీళ్ళతో ముగించడం ఆయనకు ఇష్టముండదని నాకు తెలుసు. ఈ వ్యాసం రాస్తున్నానని మా వారితో చెప్పాను. "రాస్తే పేరు పెట్టే రాయి" అన్నారు. రెండో గీత మీద నిన్న చేవ్రాలు చేశాను. అదే మాట ఇక్కడ మీ అందరి ముందూ రాస్తున్నాను. సులోచన అనే నేను ఆనాడు అధికారితో మంచిగున్నామన్నది మర్యాద మాట. సాక్ష్యం కాదు. యాదగిరిని తీసుకుపోవడం నేను చూశాను.

చదివిన మీలో మా వీధివారుంటే, ఇంకా తొమ్మిది గీతలున్నాయి. కాగితం మా ఇంట్లో ఉంది. మీరు పరాయి ఊరివారైతే మిమ్మల్ని సంతకం అడగను. లతీఫ్ చిచ్చాను స్మరించమని కూడా అడగను, తనకంటే ముందు తలచుకోవలసినవాడు ఒకడున్నాడని ఆయనే అంటారు. బాలమణి భర్త, సిద్దిపేట నేతగాడు, పడుగు చుట్టి వస్తానంటే చుట్టనివ్వకుండా తీసుకుపోబడ్డవాడు. పేరు యాదగిరి. యాదుంచుకోండి.